ఉతకని చొక్కా: మన మనిషి ఒంటి వాసన కోసం ప్రాణం ఎందుకు కొట్టుకుంటాది?

ఎర్రమట్టి (కడప) | సోమవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేక ఇక్కడ రాస్తాండా.

మా ఆయన కువైట్ పోయి పద్నాలుగు నెలలైంది. పొయ్యే రోజు పొద్దున విడిచిన నీలం గళ్ళ చొక్కా మంచం కోడుకు తగిలించి ఉండె. దాన్ని నేను ఉతకలా. కవర్లో చుట్టి బీరువాలో నా చీరల కింద పెట్టుకున్నా. రాత్రి పిల్లోడు నిద్రపోయినాక తీసి, కాలరు దగ్గర ముక్కు ఆనించి కాసేపు అట్లే కూచుంటా. వీడియో కాల్ రోజూ ఉంటాది. ముఖం కనపడతాది, గొంతు వినపడతాది. అయినా ఫోన్ పెట్టేసినాక ఏదో బాకీ ఉన్నట్టే ఉంటాది. చొక్కా తీస్తేనే ఆ బాకీ తీరేది.

పోయిన వారం మా అత్త బీరువా సర్దుతా, మాసిన గుడ్డ చీరల మధ్య పెట్టినానని దాన్ని సబ్బునీళ్ళలో నానబెట్టింది. నేను తోట నుంచి వచ్చేసరికి దండెం మీద ఆరతాంది. ఆమె తప్పేం లేదు, ఆమెకేం తెలుసు. నేనే బాత్రూంలోకి పోయి తలుపేసుకొని ఏడ్చినా.

నాకు అర్థం కానిది ఒకటే. అది చెమటే కదా. బస్సులో పక్కనోళ్ళ చెమట తగిలితే కిటికీ వైపు తిరుగుతాం. అదే చెమట మన మనిషిదైతే ఎందుకు కావాలనిపిస్తాది? ఇది అందరికీ ఉండేదేనా, నాకొక్కదానికేనా?

కేసీ కాలువ (కర్నూలు) | సోమవారం, రాత్రి 11:20

చెల్లీ, నీ ఒక్కదానికే కాదు. నేను నర్సుని, పద్దెనిమిదేళ్ళుగా రాత్రి డ్యూటీలు చేస్తున్నా. ఆస్పత్రిలో భర్త తువ్వాలు దిండు కింద పెట్టుకొని పడుకునే ఆడవాళ్ళను ఎంతమందిని చూశానో. అడిగితే సిగ్గుపడి, తల తుడుచుకోడానికి అంటారు.

నీ చొక్కా సంగతి కెనడాలో శాస్త్రవేత్తలే పరీక్ష పెట్టి చూశారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మార్లీస్ హోఫర్ బృందం 96 జంటలను తీసుకుంది. మగవాళ్ళు సెంటు, డియోడరెంట్ లేకుండా 24 గంటలు ఒకే టీషర్ట్ వేసుకున్నారు. వాసన చెడకుండా ఆ టీషర్టులను ఫ్రీజర్లో దాచారు. తర్వాత ఆడవాళ్ళలో కొందరికి తమ మనిషిది, కొందరికి ముక్కూమొహం తెలియనివాడిది, కొందరికి ఎవరూ తొడగనిది ఇచ్చి వాసన చూడమన్నారు. ఏది ఎవరిదో చెప్పలేదు. ఆపైన ఉత్తుత్తి ఉద్యోగ ఇంటర్వ్యూ పెట్టి, నోటిలెక్కలు చేయించి, కావాలనే కంగారు పెట్టారు. తమవాడి చొక్కా వాసన చూసినవాళ్ళు తక్కువ కంగారు పడ్డారు. పరాయివాడిది చూసినవాళ్ళ ఒంట్లో కార్టిసాల్, అంటే ఒత్తిడి హార్మోను, మిగతావాళ్ళకంటే ఎక్కువగా ఉంది. 2018లో అచ్చయింది ఇది.

బస్సులో నువ్వు కిటికీ వైపు తిరగడానికీ, చొక్కా ముందు కూచోడానికీ కారణం అందులోనే ఉందనిపిస్తుంది నాకు. పరాయి ఒంటి వాసన ఒంటికి హెచ్చరిక. తెలిసిన వాసన భరోసా.

ఎర్రమట్టి (కడప) | సోమవారం, రాత్రి 11:41

అక్కా, చదువుతాంటే కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఇన్నాళ్ళూ ఇదేదో పిచ్చి అనుకుంటాండా.

జంతుశాస్త్రం (అనంతపురం) | మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. ఏ పాఠం చెప్పినా దొరకని నిశ్శబ్దం ఘ్రాణం పాఠం రోజు క్లాసులో దొరికేది. పిల్లలు ఎవరి ముఖమో తలుచుకుంటూ వినేవాళ్ళు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందుగా, అది ఉత్త చెమట కాదు. చర్మంలో చెమట గ్రంథులు రెండు రకాలు. ఎక్రైన్ గ్రంథులు ఒళ్ళంతా 20 నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. మే నెల మధ్యాహ్నం అనంతపురం క్లాక్ టవర్ దగ్గర నిలబడితే వీపు మీద కారేది ఆ చెమటే. అందులో ఎక్కువగా నీళ్ళూ ఉప్పే, పెద్దగా వాసన ఉండదు. రెండోవి అపోక్రైన్ గ్రంథులు. చంకల్లో, గజ్జల్లో ఉంటాయి, ఈడు వచ్చేదాకా పని మొదలుపెట్టవు. చంటిపిల్లల చెమటకూ పెద్దవాళ్ళ చెమటకూ తేడా అందుకే. విచిత్రమేమంటే ఈ గ్రంథులు వదిలే జిడ్డు ద్రవానికి కూడా వదిలిన క్షణంలో వాసన ఉండదు. చర్మం మీద కాపురముండే బాక్టీరియా దాన్ని విరగ్గొడితేనే వాసన పుడుతుంది. కొరినీబాక్టీరియం, స్టాఫిలోకాకస్ హోమినిస్ ఇందులో ముఖ్యమైనవి. ఒకే గేదె పాలు నాలుగిళ్ళలో తోడు పెట్టండి, ఏ ఇంటి పెరుగు రుచి ఆ ఇంటిదే. పాలు ఒకటే, తోడు వేరు. మనుషులకైతే పాలూ వేరే, తోడూ వేరే. జన్యువులు, తిండి, వయసు, చర్మం మీది సూక్ష్మజీవులు అన్నీ కలిసి ఒక మనిషికి ఒక వాసన తయారవుతుంది. మీ ఆయన వాసన ఇంకొకరికి ఉండదు.

ఇక ముక్కు. మనిషి ముక్కులో దాదాపు 400 రకాల ఘ్రాణ గ్రాహకాలు, అంటే వాసనను పట్టుకునే అతిచిన్న భాగాలు, ఉన్నాయి. వాటి జన్యువుల కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనుక్కున్నారు, 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఒక్కో వాసన కొన్ని గ్రాహకాలను కలిపి మీటుతుంది, వీణ మీద తీగలు కలిపి మీటినట్టు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ తర్వాతి దారిలో ఉంది. చూసింది, విన్నది, తాకింది మెదడులో థాలమస్ అనే మజిలీలో ఆగి పైకి పోతాయి. వాసన ఆ మజిలీలో ఆగదు. ముక్కు పైనున్న ఘ్రాణ కందం నుంచి నేరుగా అమిగ్డలాకు చేరుతుంది. అది భయం, ఇష్టం లాంటి భావాల చోటు. జ్ఞాపకాలు నిలిపే హిప్పోకాంపస్ దాని పక్కనే ఉంది. అందుకే వాసన తగిలాక ఇది ఎవరిది అని మాటల్లో అనుకునేలోపే గుండె కదిలిపోయి ఉంటుంది. ఫోన్లో ముఖం చూస్తే ఆయన గుర్తొస్తాడు. చొక్కా వాసన చూస్తే ఆయన పక్కన ఉన్నప్పటి మీరు మీకు తిరిగి వస్తారు.

సందేహం (అనంతపురం) | మంగళవారం, ఉదయం 9:02

సార్, మీరంటే గౌరవం. కానీ ఈ విషయంలో శాస్త్రానికి మరీ ఎక్కువ పని ఇస్తున్నామేమో. ఇది అలవాటు. అక్క పెళ్ళికి ముందు ఆ చొక్కా ఇచ్చి వాసన చూడమంటే ఏమనేది? ఎవరిదో చెమట అనేది. ఇప్పుడు ప్రేమ ఉంది కాబట్టి వాసన బాగుంది, వాసన బాగుండి ప్రేమ రాలేదు. జన్యువులను బట్టి వాసన జంటలను కలుపుతుందని వీడియోల్లో తెగ చెబుతున్నారు. నాది మేనరికం. మా మేనమామ కూతురిని చేసుకుని 22 ఏళ్ళు. ఆ లెక్కన మా ఇద్దరికీ ఒకరి వాసన ఒకరికి గిట్టకూడదు. నాకైతే ఆమె కొప్పు దగ్గర వాసన తగిలితేనే ఇల్లు చేరినట్టు.

జంతుశాస్త్రం (అనంతపురం) | మంగళవారం, ఉదయం 11:30

మంచి ప్రశ్న వేశారు. సీమలో మేనరికాలు ఇన్ని ఉండగా ఈ ప్రశ్న అడక్కుండా ఈ చర్చ పూర్తి కాదు.

వీడియోలవాళ్ళు చెప్పేదాని మూలం 1995లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో క్లాస్ వెడెకిండ్ చేసిన ప్రయోగం. 44 మంది అబ్బాయిలు రెండు రాత్రులు ఒకే కాటన్ టీషర్ట్ వేసుకుని పడుకున్నారు. 49 మంది అమ్మాయిలు వాటిని వాసన చూసి మార్కులు వేశారు. మన ఒంట్లో పరాయి క్రిములను గుర్తుపట్టే హెచ్ఎల్ఏ జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఉంటాయి. తమ హెచ్ఎల్ఏకు దూరంగా ఉన్న అబ్బాయిల వాసనే అమ్మాయిలకు నచ్చింది. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నవాళ్ళకు మాత్రం తిరగబడింది. వేరు వేరు జన్యువులు కలిస్తే బిడ్డకు రోగనిరోధక శక్తి బాగుంటుంది, ప్రకృతి ముక్కు ద్వారా ఆ పని చేయిస్తోంది అని దానికి వివరణ.

వినడానికి అందమైన కథ. నేనూ చాలా ఏళ్ళు క్లాసులో అలాగే చెప్పాను. కానీ ఆ తర్వాత ఇలాంటి పరీక్షలు ఎన్నో జరిగాయి. కొన్నింట్లో అదే ఫలితం, కొన్నింట్లో ఏమీ లేదు, కొన్నింట్లో తలకిందులు. అన్నీ కలిపి లెక్క తీసినవాళ్ళకు మనుషుల్లో గట్టి ప్రభావం కనపడలేదు. ఎలుకల్లో ఆధారం ఎక్కువ, మనుషుల్లో తక్కువ. కాబట్టి మీ 22 ఏళ్ళ కాపురం ఏ శాస్త్రానికీ ఎదురు కాదు.

మీ ఇంకో మాట మాత్రం సగమే ఒప్పుకుంటాను. అలవాటే అన్నారు. అవును, నేర్చుకున్నదే. కానీ నేర్చుకున్నది కాబట్టి చిన్నదని ఎందుకు అనుకోవాలి? నిద్రలో, జ్వరంలో, కోపంలో, పక్కన పడుకున్న వేల రాత్రుల్లో మెదడు ఒక్కో పొరా పేర్చిపెట్టుకున్న వాసన అది.

పట్టుగూడు (అనంతపురం) | మంగళవారం, మధ్యాహ్నం 1:12

మాది హిందూపురం పక్క పల్లె. జిల్లాలు విడిపోయినా మేం అనంతపురం అనే చెప్పుకుంటాం. ఇంట్లో మూడు తరాలుగా పట్టుపురుగుల పని.

పురుగు గూడు కట్టుకున్నాక దాన్ని అమ్మేస్తాం కాబట్టి రెక్కల పురుగు బయటికి రావడం చాలామంది రైతులు చూడరు. నేను గుడ్లు తీసే కేంద్రంలో రెండేళ్ళు పనిచేశాను, అక్కడ రోజూ చూసేవాణ్ణి. ఆడది గూడు చీల్చుకొని వచ్చి కదలకుండా కూచుంటుంది. పొట్ట చివర ఉన్న చిన్న సంచిని బయటికి తీస్తుంది, అంతే. అటుపక్క తట్టలో ఉన్న మగవి ఒక్కసారిగా రెక్కలు టపటపలాడిస్తూ లేస్తాయి. అవి ఎగరలేవు. ఆ రెక్కల గాలితో వాసన పట్టుకుంటూ, గిరగిరా తిరుగుతూ నడిచి ఆడదాని దగ్గరికి చేరతాయి. ఒక్కటి కూడా దారి తప్పదు.

ఆ వాసన పేరు బొంబికాల్. జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ అనే రసాయన శాస్త్రవేత్త ఇరవై ఏళ్ళ పాటు సుమారు 5 లక్షల ఆడ పురుగుల నుంచి చుక్క చుక్కా తీసి 1959లో దాన్ని తేల్చాడు. ఒక జీవి తన జాతిలోనే ఇంకోదానికి వాసనతో పంపే కబురును ఫెరోమోన్ అంటారు. లోకంలో మొట్టమొదట కనుక్కున్న ఫెరోమోన్ అదే. ఆ మాట కూడా ఆ ఏడే పుట్టింది. ధర్మవరం చీర కట్టుకున్న ప్రతి పెళ్ళికూతురి వెనకా ఈ పురుగే ఉందని తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

చెప్పొచ్చేదేమంటే, ఆడపిల్లలు వెంటపడతారని ఫెరోమోన్ స్ప్రే పేరుతో ఆన్‌లైన్లో అమ్ముతారు. మా తమ్ముడు 1,400 పోసి కొన్నాడు. మనుషుల్లో అలాంటి ఫెరోమోన్ ఇది అని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. పురుగుకు ఒకే వాసన, ఒకే పిలుపు, ఏ మగదైనా ఒకటే. మనిషి ఈ మనిషి వాసనే కావాలంటాడు. నాకు తెలిసి అది పురుగుకు లేనిది.

అత్తరు సీసా (కడప) | మంగళవారం, సాయంత్రం 5:40

అస్సలాము అలైకుం, అందరికీ నమస్తే. పెద్ద దర్గా వైపు మాకు చిన్న అత్తరు కొట్టు ఉంది, మా దాదా పెట్టింది. పట్టుగూడు అన్నా చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం.

కొట్టుకు వచ్చే కుర్రాళ్ళు సీసా మూత తీసి వాసన చూసి కొనేస్తారు. నేను కొననివ్వను. మణికట్టు మీద ఒక చుక్క రాసి, మండీ దాకా ఒక తిరుగుడు తిరిగి రా, అప్పుడు చెప్పు అంటాను. అత్తరులో స్పిరిట్ ఉండదు, నూనె. ఒంటి వేడికి నెమ్మదిగా విచ్చుకుంటుంది, ఒంటి వాసనతో కలుస్తుంది. ఒకే మల్లె అత్తరు అన్నదమ్ములిద్దరికి రాస్తే అరగంటకు రెండు రకాలు. ప్రాగ్‌లో పరిశోధకులు 2012లో ఇదే చూశారు. మనిషి తనకు తాను ఎంచుకున్న సెంటు తన ఒంటి వాసనతో కలిస్తే, వేరేవాళ్ళు అంటగట్టిన సెంటుకంటే బాగుందన్నారట వాసన చూసినవాళ్ళు. అంటే సెంటు ఒంటి వాసనను కప్పేది కాదు, దానికి తోడు నడిచేది.

పెళ్ళైన ఆడవాళ్ళు వచ్చి, మా ఆయన వాడేది ఇదే, ఒక చిన్న సీసా ఇవ్వు భయ్యా అంటారు. ఆయన దుబాయ్‌లో ఉంటాడు, లేదా లారీ మీద ఉంటాడు. ఇస్తాను. కానీ ఇచ్చేటప్పుడు నా మనసులో ఉంటుంది, ఇందులో సగమే ఉంది తల్లీ, మిగతా సగం ఆయన ఒంటి మీద ఉంది అని.

కొత్తకోడలు (అనంతపురం) | మంగళవారం, రాత్రి 11:55

పేరు చెప్పలేను. మూడు నెలల క్రితం పెళ్ళైంది, పెద్దలు కుదిర్చింది. మనిషి మంచివాడు. నా మీద కోపంగా ఒక్క మాట అనలేదు. కానీ దగ్గరికి వస్తే ఆ వాసన నాకు పడటం లేదు. ఊపిరి బిగబట్టుకుంటున్నా. ఇక్కడ మీరంతా రాసింది చదివి నాకు ఇంకా భయం పట్టుకుంది. నా ముక్కు ఈ పెళ్ళి వద్దంటోందా?

కేసీ కాలువ (కర్నూలు) | బుధవారం, ఉదయం 5:30

డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి రాస్తున్నా తల్లీ. ముందు భయం తీసెయ్. పైన సార్ చెప్పారు చూడు, జన్యువుల కథ మనుషుల్లో గట్టిగా నిలబడలేదని. మూడు నెలల్లో ముక్కు తీర్పు చెప్పేయదు. నీకు ఆయన ఇంకా కొత్త మనిషే, కొత్త మనిషి ఒంటి వాసనకు ఒళ్ళు జాగ్రత్త పడుతుంది.

రెండోది, మామూలు కారణాలు చూడు. పాలిస్టర్ చొక్కాలు వేస్తాడా? చెమట పట్టిన పాలిస్టర్ గుడ్డ కాటన్ కంటే ఎక్కువ కంపు కొడుతుంది, దుర్వాసన పుట్టించే మైక్రోకాకస్ బాక్టీరియా దాని మీద బాగా పెరుగుతుంది. ఉతికినా పూర్తిగా పోదు. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుతోనే సగం తేడా వచ్చింది. గుట్కా, బీడీ ఉంటే ఒంటికీ నోటికీ పడుతుంది. మెంతులు ఎక్కువ తింటే చెమటలో ఆ వాసనే వస్తుంది. వెల్లుల్లి అనుకుంటావేమో, అది తిన్నాక నోరు కంపు కొట్టినా చంక చెమట వాసన ఇంకా మెరుగైనట్టు 2016లో చెక్ పరిశోధకులు చూశారు. కాబట్టి సంగటిలో వెల్లుల్లి కారాన్ని ఏమీ అనకు.

మూడోది, నీకేమైనా నెల తప్పిందా? కడుపుతో ఉన్నప్పుడు నిన్నటిదాకా ఇష్టమైన వాసనే వాంతి తెప్పిస్తుంది. చూసుకో.

ఇవన్నీ కాకపోతే ఆయనతోనే చెప్పు. స్నానం చేసి రమ్మని ప్రేమగా అంటే మంచి మనిషికి కోపం రాదు. చెప్పినా, కాలం గడిచినా, ఆయన తాకితేనే నీకు ఇష్టం లేకపోతే అది వాసన సంగతి కాదు. అప్పుడు నీ మనసు మాట వినాలి. ఊపిరి బిగబట్టుకొని కాపురం చేయమని నేను ఎవరికీ చెప్పను.

ఇంకో మాట, ఇది అందరికీ. పక్కనున్న మనిషి వాసన ఉన్నట్టుండి మారితే తీసిపారేయొద్దు. స్కాట్లాండ్‌లో జాయ్ మిల్న్ అని ఒకామె ఉంది, నర్సే. ముప్పైలలో ఉన్న భర్త ఒంటి వాసన మారిందని పసిగట్టింది. శుభ్రంగా స్నానం చెయ్యమని ఆయనతో గొడవ పడింది కూడా. పదేళ్ళు దాటాక, 45 ఏళ్ళ వయసులో ఆయనకు పార్కిన్సన్స్, అంటే ఒళ్ళు వణికి కదలికలు మందగించే మెదడు జబ్బు, అని తేలింది. తర్వాత ఆ జబ్బున్నవాళ్ళ మధ్య కూచున్నప్పుడు అందరి దగ్గరా అదే వాసన వచ్చింది ఆమెకు. ఎడిన్‌బరోలో పరిశోధకులు జబ్బున్నవాళ్ళు ఆరుగురివి, లేనివాళ్ళు ఆరుగురివి టీషర్టులు ఇచ్చి పరీక్షించారు. ఆరుగురినీ సరిగ్గా చెప్పింది. జబ్బు లేదనుకున్న ఇంకొకరికి కూడా ఉందంది. ఎనిమిది నెలలకు ఆయనకూ ఆ జబ్బే అని తేలింది. ఆమె ముక్కును పట్టుకొనే ఇప్పుడు చర్మం జిడ్డులో ఆ జబ్బు గుర్తులు వెతుకుతున్నారు. భర్త వాసన అంత బాగా తెలిసిన భార్య కాబట్టే కదా మార్పు తెలిసింది.

వేరుశనగ (అనంతపురం) | బుధవారం, మధ్యాహ్నం 2:20

నాది వ్యవసాయం. రాయడం పెద్దగా రాదు. 2021లో కరోనా రెండో విడతలో నాకు వాసన పోయింది. జ్వరం వారంలో తగ్గింది, ముక్కు మాత్రం ఆరు నెలలు రాలా.

కాయలు ఉడకేసినా తెలీదు, గొడ్ల సావిట్లో నిలబడినా తెలీదు. అవన్నీ ఓర్చుకున్నా. రాత్రి మా ఇంటిదాని పక్కన పండుకుంటే మాత్రం గాజు అద్దం అవతల మనిషి ఉన్నట్టుండేది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగానే ఉండాది, మాట వినపడతాండాది, కానీ ఆమె కాదనిపించేది. ఎవరికి చెప్పుకుంటాం ఇట్లాంటిది? నా మీద ఇష్టం పోయిందేమో అని ఆమె లోపల బాధ పడిందంట. తర్వాత చెప్పింది.

కర్నూల్లో డాక్టరు చెప్పినాడు, వైరస్ వాసన నరాన్ని నేరుగా చంపలేదు, నరానికి ఆసరాగా ఉండే కణాలను కొట్టింది, మళ్ళీ వస్తాది అని. పొద్దున, రాత్రి గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి నూనె ఒక్కొక్కటి కాసేపు వాసన చూస్తా, ఆ వాసనను తలుచుకోమన్నాడు. మొదట వచ్చింది లవంగం. కొన్నాళ్ళు కాఫీ కాలిన గుడ్డ మాదిరి వచ్చేది.

ఆ తర్వాత ఒక తెల్లవారుజామున మెలకువొచ్చింది. పక్కన ఆమె జుట్టు. కొబ్బరినూనె, పొయ్యి పొగ, ఆమె. లేపలా. అట్లే పండుకొని తెల్లారేదాకా పీల్చుకుంటా ఉండిపోయినా.

సందేహం (అనంతపురం) | బుధవారం, మధ్యాహ్నం 3:05

అన్నా, నిన్న అలవాటు అని ఒక్క మాటలో తేల్చేశాను. నీది చదివాక ఆ మాట నాకే చాలడం లేదు. అలవాటు పోతే మనిషికి విసుగొస్తుంది, పక్కనున్న మనిషి ఆమె కాదనిపించదు.

పాతబురుజు (కర్నూలు) | బుధవారం, రాత్రి 8:30

నేను తెలుగు పండితుడిగా పనిచేసి పదేళ్ళ కిందట రిటైరయ్యాను. కొండారెడ్డి బురుజుకు నాలుగు వీధుల అవతల ఉంటాను. మీ మాటలన్నీ రెండు రోజులుగా చదువుతున్నాను.

కడప అమ్మాయికి ఒక సంగతి చెప్పాలి. ఈ వాసన సంగతి మీ జిల్లాకు పాత చుట్టం. అల్లసాని పెద్దనకు రాయలవారు ఇచ్చిన అగ్రహారం కోకటం మీ కడప జిల్లాలోదే. ఆయన మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాల్లో దారి తప్పి నిలబడితే ముందు కంటికి ఎవరూ కనపడరు. ఒక గాలి వీస్తుంది. ఆ గాలిలో కస్తూరి, పచ్చకర్పూరం కలిసిన తాంబూలం వాసన. ఇక్కడ ఒక ఆడమనిషి ఉందని ఆ గాలే చెప్పింది అంటాడు కవి. మనుషులున్నారని నమ్మి అటు నడిచాకే వరూధిని కనపడుతుంది. ఏ కావ్యంలోనైనా నాయిక చూపుతో వస్తుంది. ఇక్కడ వాసనతో వచ్చింది. ముప్పై ఏళ్ళు ఈ పద్యం చెప్పాను గానీ, కవి ఎందుకు ఈ వరస పెట్టాడో నాకు మా ఆవిడ పోయాకే తెలిసింది.

ఆమె పోయి నాలుగేళ్ళు. ఆమె దిండు గలీబు మార్చలేదు. మొదటి నెలల్లో దాంట్లో ఆమె ఉండేది. వక్కపొడి, కుంకుడుకాయ, కాస్త మందుల వాసన. రోజూ చూస్తే తొందరగా అయిపోతుందేమో అని భయపడి వారానికోసారి చూసేవాణ్ణి. ఇప్పుడు గుడ్డ వాసన తప్ప ఏమీ లేదు. అయినా ఉతకలేదు. ఒక్కోసారి సంతలో వక్కలమ్మే ఆమె పక్కనుంచి పోతుంటే కాళ్ళు ఆగిపోతాయి.

అమ్మాయీ, మీ ఆయన బతికున్నాడు, రేపో మాపో వస్తాడు. చొక్కా పోయిందని ఏడవకు. ఇంకొకటి తెప్పించుకో.

కేసీ కాలువ (కర్నూలు) | బుధవారం, రాత్రి 9:14

పెద్దాయనా, మీ మాటకు ఏమని రాయాలో తెలియడం లేదు. మీరు ఆ గలీబు అలాగే ఉంచుకోండి.

చెల్లీ, ఆయన చెప్పింది చెయ్యి. అదే హోఫర్ వాళ్ళు 2020లో ఇంకో పరీక్ష చేశారు. 155 మందికి దిండు మీద తొడిగి పడుకొమ్మని, తమ మనిషి వేసుకున్న చొక్కా రెండు రాత్రులు, వేరే చొక్కా రెండు రాత్రులు ఇచ్చారు. తమవాళ్ళ వాసన ఉన్న రాత్రుల్లో సగటున తొమ్మిది నిమిషాలకు పైగా ఎక్కువ నిద్రపోయారు. పసిబిడ్డకు జేజి పాత చీరలతో బొంత కుట్టి, తల్లి చీరతో ఊయల కడతాం కదా, అందులో పడుకోబెడితే బిడ్డ ఏడుపు మానుతుంది. ఆ సంగతి మన ముసలమ్మలకు ఏ పరీక్షా లేకుండానే తెలుసు.

కొత్తకోడలు (అనంతపురం) | గురువారం, రాత్రి 10:30

అక్కా, ఆయనతో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, పెళ్ళైన రోజు నుంచి నాకోసమనే ఘాటైన బాడీ స్ప్రే ఒకటి ఒళ్ళంతా కొట్టుకుంటున్నాడట. స్నేహితులు చెప్పారట. ఈ రోజు అది వేసుకోలేదు, మామూలు సబ్బుతో స్నానం చేసి వచ్చాడు. ఇంకా ఇది ఇష్టం అని చెప్పలేను. కానీ ఈ రోజు ఊపిరి బిగబట్టలేదు.

ఎర్రమట్టి (కడప) | శనివారం, మధ్యాహ్నం 12:10

అందరికీ దండాలు. పెద్దాయన మాట పట్టుకొని నిన్న మా అత్తతో చెప్పేసినా. చొక్కా ఎందుకు దాచుకున్నానో, ఎందుకు ఏడ్చినానో, అంతా. ఆమె ఏమీ అనలా. చాట పక్కన పెట్టి లేచి లోపలికి పోయింది. కోపమొచ్చిందనుకున్నా.

రాత్రి ఆయన ఫోన్ చేస్తే నా చేతిలోంచి లాక్కొని, నాయనా, ఒక చొక్కా రెండు దినాలు తొడుక్కొని ఉతక్కుండా కవర్లో మూతి కట్టి పంపు, మీ రూములో రాయచోటి పిల్లోడు వచ్చే నెల వస్తాండాడంట కదా, వాని చేత ఇయ్యి, సెంటు పూయాకు అని గబగబా చెప్పింది. ఆయన అర్థం కాక నా ముఖం చూస్తాడు. నేను చెప్పలేక కొంగు అడ్డం పెట్టుకున్నా.

కాసేపటికి ఆయనే అన్నాడు, నువ్వు కూడా ఒక పాత నూలు చీర పంపు, రూములో ఆరుగురం ఉంటాం, ఏసీ గాలి తప్ప ఇంకో వాసన లేదు అని. పద్నాలుగు నెలల్లో ఆయన నోట ఇట్లాంటి మాట ఇదే మొదలు.

మా ఊళ్ళోవాళ్ళు ఒకరు ఆదివారం పోతాండారు. నిన్నటి నుంచి ఆకుపచ్చ నూలు చీర కట్టుకోనే ఉండా. ఒక అనుమానం అక్కా. పొద్దున అందులోనే వంట చేసినా, తాలింపు వాసన పట్టింది. ఇది తీసేసి ఇంకోటి కట్టుకోనా?

కేసీ కాలువ (కర్నూలు) | శనివారం, మధ్యాహ్నం 12:26

అదే పంపు చెల్లీ. తాలింపు లేకుండా నువ్వు ఆయనకు ఎప్పుడు తెలుసని?

ఎర్రమట్టి (కడప) | శనివారం, మధ్యాహ్నం 12:31

సరే అక్కా. రేపు పొద్దున మడిచి కవర్లో పెడతా.